ఏడో గ్లాసు ఎవరిది?

జనవరి 1, గురువారం

ఈ డైరీ కాత్యాయని క్రిస్మస్ మర్నాడు బాక్సింగ్ డే సేల్‌లో కొంది. "ఈసారైనా ఫిబ్రవరి దాటించండి" అంది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురం తర్వాత కూడా ఈవిడ రచయిత భార్యలా మాట్లాడదు, ఆడిటర్‌లా మాట్లాడుతుంది.

ఇవాళ నాకు పండుగ. ఇండియా చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ళకి అతని రచనలు అందరి సొత్తు అయిపోతాయి. 1965లో పోయినవాళ్ళందరికీ ఆ గడువు నిన్నటితో తీరింది. నేను వేయబోతున్న 'మరుగున పడ్డ మంచి కథలు' సంకలనానికి ఇక వాళ్ళ వారసుల గడ్డం పట్టుకుని బతిమాలక్కర్లేదు. నిరుడంతా అదే పనయింది. ఒక మనవడికి ఫోన్ చేస్తే "మా తాత కథలు రాసేవాడా?" అని ఆశ్చర్యపోయాడు. రాసేవాడని వాడికి చెప్పిందే నేను. వారం తిరక్కుండా "లాయర్‌తో మాట్లాడి చెప్తాను" అన్నాడు.

చచ్చినవాడికి హక్కులేమిటి? వాడి మనవడికి అసలేమిటి? నన్నడిగితే అరవై ఏళ్ళు దండగ, పదేళ్ళు చాలు. అవి కూడా సంతాప సభలు పూర్తవడానికి.

జనవరి 4, ఆదివారం

ఫుర్కాన్ వచ్చాడు. మా వీధి చివరి ఇల్లు, వరంగల్ కుర్రవాడు. కుర్రవాడంటే నలభై ఉంటాయి. మేముండే ఈ పాయింట్ కుక్ నుంచి సిటీలో ఆఫీసుకి వెళ్ళి రావడానికి రోజుకి రెండున్నర గంటలు పడుతుంది. తనలాగే ఫ్రీవే మీద ఇరుక్కున్న తెలుగువాళ్ళు కారులో వింటారని యూట్యూబ్‌లో పాత కథలు చదివి పెడుతుంటాడు. గొంతు బాగుంటుంది, ఒప్పుకోవాలి.

నా గరాజ్‌లో ఉన్న అట్టపెట్టె మొత్తం వాడికిచ్చేశాను. నలభై ఏళ్ళ పత్రికలు, సావనీర్లు, కాలేజీ మ్యాగజైన్లు, కత్తిరింపులు. స్కాన్ చేసి లోకం మీదకి వదిలెయ్యమన్నాను.

"పర్మిషన్ అడగొద్దా సార్?"

"ఎవర్నడుగుతావయ్యా, శ్మశానానికి వెళ్ళి?"

"మీది పెద్ద దిల్ సార్" అన్నాడు. నాకు కూడా అలాగే అనిపించింది.

జనవరి 25, ఆదివారం

వెర్రిబీ కమ్యూనిటీ హాల్లో మన తెలుగు సంఘం వాళ్ళ సభ. నా ఉపన్యాసం 'చచ్చినవాడికి హక్కులేమిటి?'. ఇక్కడ జనవరి అంటే నడి ఎండాకాలం, బయట నలభై రెండు డిగ్రీలు, లోపల ఏసీ పనిచేయడం లేదు. అయినా జనం కదల్లేదు. భోజనాలు నా తర్వాత పెట్టారన్నది వేరే సంగతి. అధ్యక్షుడు ఉపేంద్ర "మూర్తి గారి మాటలు విప్లవాత్మకం" అన్నాడు. నా తర్వాత డాన్స్ చేసిన పిల్లల్ని కూడా విప్లవాత్మకం అన్నాడు.

జనవరి 27, మంగళవారం

ఒక ఈమెయిల్. మొత్తం ఇక్కడ ఎక్కిస్తున్నాను, వారసులు ఎలా మొదలుపెడతారో తెలియడానికి.

'నమస్కారం అంకుల్. నా పేరు శ్యామసుందరి. పారమట్టాలో హాస్పిటల్ ఫార్మసీలో పనిచేస్తాను. మీ స్పీచ్ లైవ్‌లో విన్నాను. మా అమ్మమ్మ పోడూరి లీలావతి కథలు రాసేదట. తణుకు దగ్గర ఉండేవాళ్ళు. 1965లో పోయింది. పదకొండు కథలు పంపితే ఒక్కటే అచ్చయిందట, 1958లో, ఏదో ఆడవాళ్ళ పత్రికలో. ఆ కాపీ మా ఇంట్లో లేదు. కథ పేరు అమ్మకి కూడా తెలీదు. మీరు పాత పత్రికలు చూస్తుంటారు కదా, ఎక్కడైనా కనిపిస్తే చెప్తారా? అమ్మమ్మ పేరు అచ్చులో ఒక్కసారి చూడాలని ఉంది.'

'తప్పకుండా చూస్తాను తల్లీ' అని జవాబిచ్చాను. ఇప్పుడు ఇలాగే ఉంటారు, రేపు లాయర్‌ని వెంటేసుకొస్తారు.

పోడూరి లీలావతి. ఎప్పుడూ వినలేదు.

జనవరి 28

నిజంగా వినలేదు.

ఫిబ్రవరి 14, శనివారం

ఫుర్కాన్ నా కథ చదివాడు. నా కథ! 'ఏడో గ్లాసు'.

నా పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది ఈ ఒక్క కథే. మూడు సంపుటాలు వేశాను, నలభై ఆరు కథలు రాశాను, అయినా ఎవడు కలిసినా 'ఏడో గ్లాసు మూర్తి గారు కదండీ' అంటాడు. ఇంట్లో ఆరుగురు మనుషులు. ఆ ఇల్లాలు రోజూ ఎండవేళ ఏడు గ్లాసుల్లో మజ్జిగ పోస్తుంది. ఏడోది అరుగు మీద పెడుతుంది. ఎవరికోసమో ఎవరికీ చెప్పదు. చివర్లో ఒకరోజు ఆ గ్లాసు కడిగి బోర్లించేస్తుంది. అంతే కథ. 1991లో వారపత్రికలో నా పేరుతో వచ్చింది. తాడేపల్లిగూడెంలో కాత్యాయని అది చదివి "ఇది రాసినతనైతే చేసుకుంటాను" అని వాళ్ళ నాన్నతో చెప్పింది. మా పెళ్ళికి అసలు మధ్యవర్తి ఈ కథే.

ఆ ఏడో గ్లాసు ఎవరిదని ప్రతి సభలోనూ అడుగుతారు. "పాఠకులే వెతుక్కోవాలి" అంటాను. ఒక విమర్శకుడు అది స్త్రీ అస్తిత్వం అన్నాడు. ఇంకొకాయన పుట్టని బిడ్డ అన్నాడు. మూడో ఆయన శ్రామికవర్గం అన్నాడు. ముగ్గురికీ తలూపాను. కాత్యాయని కూడా పెళ్ళయిన కొత్తలో అడిగేది. ఆవిడకి తలూపితే సరిపోదు కనుక నవ్వేవాణ్ణి.

అసలు సంగతికొస్తాను. తొమ్మిది రోజుల్లో మూడు లక్షల మంది విన్నారు. మొదట్లో "నేను మీ ఫుర్కాన్" అంటూ నిమిషన్నర సొంత సోది చెప్పుకున్నాడు. నా పేరు రెండు సెకన్లు. కథ మధ్యలో, సరిగ్గా ఆమె ఏడో గ్లాసు చేతిలోకి తీసుకునేసరికి, బిర్యానీ మసాలా అడ్వర్‌టైజ్‌మెంటు. కింద కామెంట్లన్నీ 'ఫుర్కాన్ భాయ్ గొంతులో ప్రాణం ఉంది' అని. ప్రాణం పోసింది ఎవడురా?

ఫిబ్రవరి 15, ఆదివారం

ఫోన్ చేసి కడిగేశాను.

"సార్, మీరే చెప్పిండ్రు గద, పర్మిషన్ అడుగుడు వద్దని?"

"అది పోయినవాళ్ళ సంగతి. నేను బతికున్నాను."

"నాకు ఎర్కలేకపాయె సార్. పెట్టెల ఉన్నయన్నీ ఒక్కటే అనుకున్న. కానీ మస్తు నచ్చింది సార్ అందరికి. మా అమ్మీ అయితే ఏడ్చింది."

ఏడిస్తే నాకేమిటి? కాత్యాయని పక్కనుంచి "మీరు పోయేదాకా ఆగమంటే ఆగుతాడు లెండి" అంది.

రాత్రంతా ఆలోచించాను. పదేళ్ళు చాలని నేను అన్నది తొందరపాటు. కథ బిడ్డలాంటిది. బిడ్డ మీద తండ్రికి గడువేమిటి?

ఫిబ్రవరి 22, ఆదివారం

సంఘం సాహిత్య విభాగం వాళ్ళని మధ్యాహ్నం మన పెరట్లో బార్బీకి, అదే బార్బెక్యూకి, పిలిచాను. కాపీరైట్‌కి కాలపరిమితే ఉండకూడదు, శాశ్వతంగా ఉండాలి అని తీర్మానం ప్రవేశపెట్టాను.

ఉపేంద్ర నసిగాడు. "మొన్ననే పదేళ్ళు చాలన్నారు కదండీ?"

"మొన్న ఎండ ఎక్కువగా ఉంది" అన్నాను.

మొక్కజొన్న పొత్తులు మాడుతున్నాయి కనుక తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

మార్చి 2, సోమవారం

ఫుర్కాన్ ఇంకా కథ తీయలేదు. "తీస్త సార్, కానీ జనం అడుగుతున్నరు" అంటాడు. ఇక లాభం లేదని పద్ధతిగా ఉత్తరం రాశాను. ఇక్కడి చట్టం ఇండియా కంటే నయం, రచయిత పోయాక డెబ్బై ఏళ్ళు. నేను ఎనభై అయిదో ఏట పోయినా 2121 దాకా ఆ కథని ఎవడూ ముట్టుకోవడానికి వీల్లేదు. ఆ ముక్కే రాశాను. చివర్లో, నా హక్కు ఎంత పాతదో వాడికి తెలియాలని, 'తొలి ముద్రణ 1986, మా కాలేజీ మ్యాగజైన్. నీ దగ్గరున్న పెట్టెలోనే ఉంది, చూసుకో' అని గట్టిగా ముగించాను.

మంచి ఉత్తరం. రెండుసార్లు చదువుకున్నాను.

మార్చి 3

ఆ మ్యాగజైన్ సంగతి ఎందుకు రాశాను?

మార్చి 4

ఏం కాదు. అందులో నా పేరే ఉంటుంది. నాకు బాగా గుర్తు.

మార్చి 8, ఆదివారం

ఫుర్కాన్ వచ్చాడు. కాత్యాయని టీ ఇచ్చి లోపలికి వెళ్ళేదాకా ఊరుకున్నాడు. తర్వాత సంచీలోంచి మ్యాగజైన్ తీసి నా ముందు పెట్టాడు.

"సార్, గిక్కడ 'సేకరణ' అని ఉంది."

ఉంది. కథ కింద 'సేకరణ: ఎస్. సత్యనారాయణమూర్తి, ద్వితీయ బి.ఎస్సీ.' అని.

నాకు నా పేరు మాత్రమే గుర్తుంది. దాని ముందున్న మాట గుర్తులేదు. ఒట్టు.

ఇందులో నేరమేమీ లేదు. ఆ రోజుల్లో ఎవరికి ఎక్కడ ఏం కనిపించినా, జోకో వంటింటి చిట్కానో పద్యమో, కాగితం మీద ఎక్కించి పత్రికకి పంపేవాళ్ళం. కింద 'సేకరణ' అని మన పేరు వేసేవాళ్ళు. అసలు రాసింది ఎవరని పంపినవాడూ చెప్పడు, వేసినవాడూ అడగడు. మా కాలేజీ మ్యాగజైన్లో సగం సేకరణే. ఇప్పుడు వాట్సాప్‌లో జరుగుతున్నదేమిటి?

తణుకు లైబ్రరీలో పాత పత్రికల బైండు ఒకటి దొరికింది. అందులో ఈ కథ ఉంది. రెండు మధ్యాహ్నాలు కూర్చుని అక్షరం అక్షరం చేత్తో రాసుకున్నాను. మొదటి పేజీ చిరిగిపోయి ఉంది, అందుకే రచయిత పేరు వేయలేదు. 1991లో వారపత్రికకి పంపేటప్పుడు మళ్ళీ సాపు రాశాను. 'పంచ' అన్నచోట 'అరుగు' చేశాను. మూడు చోట్ల కామాలు పెట్టాను. 'సేకరణ' అన్న మాట వేయలేదు. ఒక్క మాటే. రెండుసార్లు స్వహస్తంతో రాసినది మన రచన కాకుండా ఎలా పోతుంది?

"మరి రాసిందెవరు సార్?" అన్నాడు ఫుర్కాన్.

"మొదటి పేజీ చిరిగిపోయిందయ్యా. జానపద కథ లాంటిదనుకో."

వాడు టీ పూర్తిగా తాగాడు. "జానపదంల పోస్ట్ కవర్లు ఉంటయా సార్? ఆమె కవర్లు దాచిపెడ్తదని ఉంది గద కథల" అని లేచాడు.

కవర్లున్నాయా? ఉన్నాయి. నేనెప్పుడూ పట్టించుకోలేదు.

మార్చి 12, గురువారం

వీడియో కింద కామెంటు. శ్యామసుందరి. 'ఇది మా అమ్మమ్మ కథ అనుకుంటున్నాను. ఏడో గ్లాసు ఎవరిదో మా ఇంట్లో అందరికీ తెలుసు.'

దాని కింద నూట నలభై మంది 'ఎవరిది? ఎవరిది?' అని. ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు.

లెక్క వేశాను. లీలావతి పోయింది 1965. అరవై ఏళ్ళు మొన్న డిసెంబరుతో సరి. జనవరి ఒకటి నుంచి ఆ కథ అందరిదీ. అందరిలో నేనూ ఉన్నాను. గుండె కుదుటపడింది. ఇండియా చట్టం చేసినవాళ్ళు సామాన్యులు కారు.

స్నేహకి ఫోన్ చేశాను. మా అమ్మాయి ఇక్కడ యూనిలో లా చదువుతోంది, ఆ మాత్రం ఉపయోగపడాలి కదా. నా ఫ్రెండొకడు చిక్కులో పడ్డాడు అని చెప్పి అడిగాను.

"డాడ్, కాపీరైట్ ఎక్స్‌పైర్ అవుతుంది. హూ రోట్ ఇట్, దట్ డజంట్ ఎక్స్‌పైర్."

"అది సరే, ఇండియాలో ఫ్రీయే కదా?"

"యా, బట్ హియర్ ఇట్స్ సెవెంటీ. డాడ్, ఈజ్ దిస్ ఫ్రెండ్ యూ?"

సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను.

మార్చి 13

నిజమే. ఇక్కడ డెబ్బై. 2035 డిసెంబరు దాకా. అంటే నేను తణుకులో నిర్దోషిని, పాయింట్ కుక్‌లో దొంగని. సింగపూర్‌లో విమానం మారేటప్పుడు ఏమవుతానో తెలియదు. ఈ డెబ్బై చాలదు, శాశ్వతం చేయమని పెరట్లో తీర్మానం చేయించింది కూడా నేనే.

1991 నాటికి ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందో లెక్క వేయలేదు. వేయను.

మార్చి 15, ఆదివారం

కొత్త ఉపన్యాసం మొదలుపెట్టాను. 'కథలు గాలి లాంటివి. గాలికి యజమాని ఉంటాడా? కాపీరైట్ తెల్లవాళ్ళు తెచ్చిపెట్టిన తద్దినం.' బాగానే వచ్చింది. కాత్యాయని కాఫీ పెట్టడానికి వచ్చి చూసి, "ఇది నెలకోసారి మారుతోందా, కరెంటు బిల్లులా?" అంది. ఆవిడకి ఇంకా ఏమీ తెలియదు. తెలియకూడదు. ఊళ్ళోవాళ్ళు ఏమనుకున్నా భరించగలను, ఈవిడ ఒక్కతికి మాత్రం తెలియకూడదు.

కాగితం చింపేశాను.

మార్చి 19, గురువారం, ఉగాది

పచ్చడి చేతిలో పట్టుకుని ఉండగా ఫోన్ మోగింది. కాత్యాయని చేతులు చింతపండులో ఉన్నాయి కనుక మోచేత్తో స్పీకర్ నొక్కింది.

"హ్యాపీ ఉగాది ఆంటీ. నేను శ్యామసుందరిని, పారమట్టా నుంచి. అంకుల్‌కి థాంక్స్ చెప్దామని. ఫుర్కాన్ గారు ఆ కాలేజీ మ్యాగజైన్ పేజీ ఫోటో పంపారు. అంకుల్ సేకరణ చేసి దాచకపోతే అమ్మమ్మ కథే మాకు దొరికేది కాదు."

"ఏ కథమ్మా?"

"ఏడో గ్లాసు ఆంటీ."

నేను ఫోన్ వైపు వెళ్ళబోయాను. కాత్యాయని చింతపండు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడో గ్లాసు మీ అమ్మమ్మ రాసిందా?"

"అవునాంటీ. కవర్లు దాచడం, పంచలో మజ్జిగ, అంతా మా ఇల్లే. అంకుల్ చెప్పలేదా? ఆ గ్లాసు ఎవరిదో తెలుసా మీకు?"

"ముప్ఫై నాలుగేళ్ళుగా అడుగుతున్నానమ్మా. మా ఇంట్లో ఎవరికీ తెలీదు."

"పోస్ట్‌మాన్‌ది ఆంటీ. అమ్మమ్మ కథలు పత్రికలకి పంపేది కదా, అన్నీ తిరిగొచ్చేవి. ఆయన ఆ కవరు పట్టుకుని రెండు మైళ్ళు ఎండలో నడిచొచ్చేవాడట. తన కథ కోసం ఒక మనిషి అంత దూరం నడిచి వస్తున్నాడని రోజూ మజ్జిగ పెట్టేది. ఏ రోజు వస్తాడో తెలీదు కదా, అందుకని రోజూ. ఒకరోజు ఇంక రాయకూడదనుకుని గ్లాసు బోర్లించేసింది. ఆ సంగతే కథగా రాసి ఆఖరిసారి పంపింది. అదొక్కటీ అచ్చయింది."

ఆ పిల్లే మళ్ళీ అంది, "అంకుల్, అమ్మమ్మ పేరున్న పేజీ చిరిగిపోయి ఉందని అన్నారట. అసలేమీ మిగల్లేదా?"

"చెదలు తినేశాయి తల్లీ" అన్నాను.

ఫోన్ పెట్టాక కాత్యాయని చేతులు కడుక్కుని, తుడుచుకుని, నా ఎదురుగా కూర్చుంది.

"ఆ కథ చూసి కదండీ నేను ఒప్పుకున్నాను. అంటే నేను పెళ్ళాడింది లీలావతి గారినన్నమాట. పాపం, ఆవిడ అప్పటికే లేరు. ఎవరో ఒకరు పీటల మీద కూర్చోవాలని మీరొచ్చారు."

నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు.

మార్చి 20

చెదలు కాదు.

మార్చి 21, శనివారం

నేనే చింపాను. లైబ్రేరియన్ భోజనానికి వెళ్ళినప్పుడు, రెండో మధ్యాహ్నం, కథంతా రాసుకోవడం అయ్యాక. కథ పేరు, దాని కింద ఆవిడ పేరు, ఒక చిన్న తామరపువ్వు బొమ్మ. సైకిల్ మీద ఇంటికి పోతూ వంతెన దగ్గర కాలవలో వేశాను. ఇంకెవరూ చూడకూడదని. అప్పటికి ఇరవై ఏళ్ళు నాకు. అంత మంచి కథ నేనెప్పుడూ చదవలేదు, అలాంటిది నేను ఎప్పటికీ రాయలేనని ఆ రోజే తెలిసిపోయింది.

పోడూరి లీలావతి. ఎప్పుడూ వినలేదని జనవరిలో ఇక్కడే రాశాను. అబద్ధం కాదు. వినలేదు. చదివాను.

పదకొండు కథల్లో ఒక్కటే అచ్చయిన మనిషి. ఆ ఒక్క పేరునీ నేను నీళ్ళలో వేశాను. సిగ్గుగా ఉంది. ఈ వాక్యాన్ని ఎలా తిప్పి రాసినా ఇంకోలా రావడం లేదు.

మార్చి 29, ఆదివారం

పది రోజులుగా కాత్యాయని అన్నం పెడుతుంది, మాట్లాడుతుంది, టీవీ చూస్తుంది. మజ్జిగ మాత్రం గిన్నె నా ముందు పెట్టి, పోసుకోమంటుంది.

ఇవాళ అంది, "ఆ అమ్మాయికి నిజం చెప్పండి. నాకు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"చెదలు పేరున్న పేజీ ఒక్కటే వెతుక్కుని తినవు."

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే

చెప్పాను. కాత్యాయని పక్కనే కూర్చుంది. ఫోన్ స్పీకర్ మీద పెట్టాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"అంకుల్, ఆ పేరు ఎలా వేశారో గుర్తుందా? శ్రీమతి అని ఉందా?"

కళ్ళు మూసుకున్నాను. నలభై ఏళ్ళు అటు చూడలేదు గాని అది అలాగే ఉంది. "శ్రీమతి లేదమ్మా. తాతగారి పేరు కూడా లేదు. పోడూరి లీలావతి, అంతే. కింద తామరపువ్వు."

అప్పుడు ఏడ్చింది. "అలాగే వేయమని ఉత్తరం రాసిందట ఆంటీ. వేశారో లేదో అమ్మకి తెలీదు. వేశారన్నమాట."

నాతో కాదు, కాత్యాయనితో చెప్పింది.

కాసేపటికి తేరుకుని, "మీ పుస్తకంలో వేయండి అంకుల్. ఇక్కడి లా, అక్కడి లా నాకొద్దు, నేను పర్మిషన్ ఇస్తున్నాను. పేరు అలాగే ఉండాలి. కింద 'సేకరణ' అని మీ పేరు కూడా వేయండి. మీరు చింపకపోతే పేజీ ఉండేది, రాసుకోకపోతే కథే ఉండేది కాదు. రెండూ నిజమే కదా" అంది.

ఏప్రిల్ 12, ఆదివారం

ఫుర్కాన్ మళ్ళీ చదివాడు. కారులో విన్నాం, ఫ్రీవే మీద, బళ్ళు కదలడం లేదు. "రచన, పోడూరి లీలావతి. సేకరణ, సత్యనారాయణమూర్తి" అని మొదటే చెప్పాడు. ఈసారి సొంత సోది లేదు. బిర్యానీ మసాలా కూడా లేదు. కాత్యాయని కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నది. అయిపోయాక "అరుగు కంటే పంచే బాగుంది" అంది.

కామెంట్లలో నన్ను తిట్టినవాళ్ళు ఇరవై మందే. మిగిలినవాళ్ళకి నేను గుర్తే లేను. తిట్టడమే నయం.

ఏప్రిల్ 19

కాపీరైట్ ఎన్నేళ్ళుండాలో వచ్చే సభలో మాట్లాడమని ఉపేంద్ర అడిగాడు. తెలియదన్నాను. "అదే టైటిల్ పెట్టేయమంటారా?" అన్నాడు.

మే 2, శనివారం

హైదరాబాద్ నుంచి ప్రూఫులు వచ్చాయి. ప్రింటు తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచాను. మొదటి కథ 'ఏడో గ్లాసు'. పంచ, పంచగానే ఉంది. కామాలు మూడూ పోయాయి. పేరు కింద తామరపువ్వు కూడా వేశారు, నేను గీసి పంపినది.

కథ పేరు కింద ఇలా ఉంది: 'పోడూరి లీలావతి, ఎస్. సత్యనారాయణమూర్తి'.

డీటీపీ అబ్బాయికి ఫోన్ చేశాను. "అన్ని కథలకీ పేర్లే ఉన్నాయి కదండీ, దీనికొక్కదానికీ ఏదో మాట అడ్డం వస్తోందని తీసేశాను. బాగుంది కదండీ?" అన్నాడు.

బాగుంది. నిజంగానే బాగుంది. ఇద్దరం కలిసి రాసినట్టుంది. నేను చేసిన పని కూడా కాదు. అడిగితే ప్రెస్సువాళ్ళ పొరపాటు అనొచ్చు, అది నిజం కూడా. శ్యామసుందరి పారమట్టాలో ఉంది, పుస్తకం చేరేసరికి నెల పడుతుంది. చేరాక ఆ పిల్ల ఏమీ అనదు, మంచి పిల్ల.

పెన్సిల్ పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కాత్యాయని వచ్చి ప్రూఫు చూసింది. పెన్సిల్ చూసింది. వెళ్ళి, ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది. ఉగాది తర్వాత తన చేత్తో పోసి ఇవ్వడం ఇదే. వెళ్ళిపోలేదు, ఎదురుగా కూర్చుంది.

నా పేరుని కిందికి దించమని బాణం గుర్తు వేశాను. దాని ముందు, అచ్చువాడికి స్పష్టంగా కనపడేలా, గుండ్రంగా 'సేకరణ' అని రాశాను.

నలభై ఏళ్ళ సాహిత్య జీవితంలో ఆ కథకి సంబంధించి నేను సొంతంగా రాసింది ఈ ఒక్క మాటే.